నడుస్తున్న కంప్యూటర్‌ను కదిలించాలా, వద్దా?

ఈ సంక్రాంతికి తెనాలి వెళ్ళాం. మా నాన్నగారు కాఫీ గ్లాసు చేతికిచ్చి, నేను కూర్చోకముందే అడిగారు: “ఒరేయ్, నా కంప్యూటర్‌కి కాలం చెల్లిందని తెర మీద రాస్తోందిరా. నిజమేనా?”

వెళ్ళి చూశాను. విండోస్ 10కి సపోర్ట్ ముగిసింది, విండోస్ 11కి మారండి అన్న నోటీసు అది. “కొత్తదానికి మారమంటోంది నాన్నా” అన్నాను.

“నడుస్తోంది కదరా! నడుస్తున్నదాన్ని కదిలించడం ఎందుకు?” అన్నారాయన. ఒక్క క్షణం ఆగి, “పోయినసారి కదిలించావుగా” అన్నారు.

ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదో తర్వాత చెబుతాను. ఈ మధ్య మా బ్రాంచిలో భోజనాల బల్ల దగ్గర కూడా ఇదే ప్రశ్న నడుస్తోంది. “సార్, ఇంట్లో కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేయమంటారా?” అని అడిగినవాళ్ళు అరడజను మంది ఉంటారు. నేను ఐటీ విభాగం వాణ్ణి కాను, అప్పుల విభాగంలో పనిచేసేవాణ్ణి. కానీ మా ఇంట్లో రెండు కంప్యూటర్ల గురించి రెండు వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నాను. ఆ లెక్క ఎలా వేసుకున్నానో మన బ్యాంకు కుటుంబాలకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇదంతా ఇంటి కంప్యూటర్ల సంగతి. బ్రాంచిలోని కంప్యూటర్ల గురించి నిర్ణయం మనది కాదు, వాటి సంగతి ఐటీ విభాగం చూసుకుంటుంది. అక్కడ మనం ఒక్క బటన్ కూడా సొంతంగా నొక్కకూడదు.

సపోర్ట్ పోవడమంటే ఏమిటి?

విండోస్ 10 వచ్చింది 2015 జులై 29న. దానికి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్ట్ ఆపేసింది 2025 అక్టోబరు 14న. ఆ మర్నాడు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు. అందుకే చాలామందికి ఇదొక అమ్మకాల ఎత్తుగడలా కనిపిస్తుంది.

మన బ్యాంకు భాషలో చెబుతాను. స్ట్రాంగ్ రూమ్ తలుపుకి ఒక కంపెనీ తాళం ఉందనుకోండి. ఆ తాళంలో ఏదో లోపం బయటపడ్డప్పుడల్లా కంపెనీ మనిషి వచ్చి, డబ్బు తీసుకోకుండా సరిచేసి పోతున్నాడు. ఒకరోజు నుంచి రావడం మానేశాడు. తాళం పడుతూనే ఉంది, తెరుచుకుంటూనే ఉంది. కానీ ఇకమీదట బయటపడే లోపాలు అలాగే ఉండిపోతాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. విండోస్ 10, విండోస్ 11 ఒకే కుదురు మొక్కలు. చాలా భాగం ఉమ్మడిగా ఉంటుంది. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ లోపాలు సరిచేసే అప్‌డేట్లు విడుదల చేస్తుంది. విండోస్ 11లో ఏ లోపాన్ని సరిచేశారో చూసి, అదే లోపం విండోస్ 10లో ఉందేమో దొంగలు వెతుక్కోవచ్చు. అంటే కొత్తదానికి వేసే ప్రతి అతుకూ పాతదాని చిల్లు ఎక్కడుందో చూపించే గుర్తు అవుతుంది. నెలలు గడిచే కొద్దీ ప్రమాదం పెరిగేది ఇందుకే.

ఇది ఉత్త భయం కాదు. 2017 మే 12న వనాక్రై అనే వైరస్ సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లను పట్టుకుంది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదలైంది. దెబ్బతిన్నవి ఆ అప్‌డేట్ వేసుకోని యంత్రాలు, అప్‌డేట్లు రావడం మానేసిన పాత యంత్రాలు.

మనవాళ్ళకి ఏటీఎంల సంగతి గుర్తుండే ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న సపోర్ట్ ముగిసినా చాలా ఏటీఎంలు దాని మీదే నడిచాయి. చివరికి 2018 జూన్ 21న రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ఇచ్చి, 2019 జూన్ కల్లా ఏటీఎంలన్నిటినీ సపోర్ట్ ఉన్న వ్యవస్థకి మార్చాలని విడతలవారీ గడువులు పెట్టింది. ఏటీఎంకి వర్తించిన న్యాయం, నెట్ బ్యాంకింగ్ చేసే ఇంటి కంప్యూటర్‌కి కూడా వర్తిస్తుంది.

నేను వేసుకున్న నాలుగు ప్రశ్నలు

అప్పు ఇచ్చేముందు మనం దరఖాస్తుదారుని కొన్ని ప్రశ్నలు అడుగుతాం కదా. అలాగే కంప్యూటర్ గురించి నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను.

మొదటిది: దీని మీద ఏం పని జరుగుతోంది? డబ్బు లావాదేవీలు, పాస్‌వర్డ్లు, ఆధార్, పాన్ కాగితాలు ఉన్న యంత్రమైతే సపోర్ట్ లేకుండా ఇంటర్నెట్‌కి తగిలించి ఉంచకూడదు. ఇంటర్నెట్ లేకుండా పాత ఫైళ్ళు చూసుకోవడానికే అయితే అంత తొందర లేదు.

రెండోది: కొత్తదాన్ని మోయగలదా? విండోస్ 11కి 64-బిట్ ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లు పనికొస్తాయి. ఏఎండీలో ఎక్కువగా రైజెన్ 2000 వరుస, ఆ పైవి. తరం తెలుసుకోవడం తేలిక. ఐ3-7100 అని ఉంటే గీత తర్వాతి 7 ఏడో తరం. ఐ5-10210యూ అని ఉంటే 10 పదో తరం. ఇదంతా చూసుకోలేకపోతే మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత యాప్ ఉంది. ఒక్క బటన్ నొక్కితే అర్హత ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెబుతుంది. కొన్ని డెస్క్‌టాప్‌లలో టీపీఎం ఉన్నా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. అలాంటప్పుడు తెలిసిన మెకానిక్ చేత ఆన్ చేయిస్తే చాలు, కొత్త కంప్యూటర్ అక్కర్లేదు.

ఒక అనుభవపు మాట. 4 జీబీ ర్యామ్ అన్నది గేటు దాటడానికి మాత్రమే. హాయిగా పని జరగాలంటే 8 జీబీ, పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ ఉండాలి.

మూడోది: దీన్ని నమ్ముకుని ఇంకేం ఉన్నాయి? పాత ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్, లెక్కల సాఫ్ట్‌వేర్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్. వీటి డ్రైవర్లు విండోస్ 11కి ఉన్నాయా అని ముందే చూసుకోవాలి.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది: పని చెడితే వెనక్కి రాగలమా? అంటే ఫైళ్ళకి మరో ప్రతి ఉందా?

ఈ నాలుగో ప్రశ్న నేను ఒకసారి వేసుకోలేదు.

2016లో నేను చేసిన పని

విండోస్ 7 నుంచి 10కి మారడానికి 2016 జులై 29 దాకా ఉచిత అవకాశం ఇచ్చారు. ఆ గడువు ముగిసే ముందటి ఆదివారం నేను తెనాలిలో ఉన్నాను. ఉచితం కదా అని నాన్నగారి పాత కంప్యూటర్లో అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందన్న సంగతి అప్పుడే తెలిసింది. కరెంటు వచ్చాక కంప్యూటర్ నల్ల తెర దాటి ముందుకు పోలేదు. మర్నాడు నాకు డ్యూటీ. దగ్గర్లోని రిపేరు షాపులో ఇచ్చి, ‘ఎలాగైనా నడిచేట్టు చేయండి’ అని చెప్పి వచ్చేశాను. ఆ అబ్బాయి చెప్పినట్టే చేశాడు. డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా వేసిచ్చాడు.

మా అమ్మ 2014లో పోయింది. ఆమె పాడిన మంగళహారతులు పదకొండు, నాన్నగారు తన ఫోన్లో రికార్డు చేసి ఆ కంప్యూటర్లో దాచుకున్నారు. ఫోను తర్వాత మారింది. ఆ పదకొండు పాటలకీ మరో ప్రతి లేదు.

తప్పు షాపు అబ్బాయిది కాదు. ఫైళ్ళు దాచమని నేను అతనికి చెప్పలేదు, నేనూ దాచలేదు. నాన్నగారు ఆ రోజు నన్ను ఏమీ అనలేదు. పదేళ్ళ తర్వాత ఈ సంక్రాంతికి అన్న ఆ ఒక్క మాటే అన్నది.

శ్రీమతి ల్యాప్‌టాప్: మారిపోదాం

మా ఇంట్లో ల్యాప్‌టాప్ 2020లో అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకని కొన్నది. ఇప్పుడు మా శ్రీమతి చేతిలో ఉంది. ఆమె నాలుగైదు వ్యాపారాలకి లెక్కలు రాస్తుంది, జీఎస్టీ రిటర్నులు వేస్తుంది. అంటే పరుల లెక్కలు, డిజిటల్ సంతకం, బ్యాంకు లావాదేవీలు అన్నీ అందులోనే. పదో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. హెల్త్ చెక్ అర్హత ఉందంది. మొదటి రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే: మారాలి.

“ఇవాళే చేసేద్దాం” అన్నాను నేను.

“ఏమండీ, జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. అది అయ్యాక ముట్టుకోండి” అంది ఆమె. ఆమె చెప్పిందే సరి. పని ఒత్తిడి ఉన్న వారంలో, పిల్లల పరీక్షల ముందు రోజు, ఊరికి బయల్దేరే ముందు అప్‌గ్రేడ్ పెట్టుకోకూడదు.

ఆ నాలుగు రోజుల్లో మూడో ప్రశ్న పని చూశాం. డిజిటల్ సంతకం టోకెన్‌కి విండోస్ 11 డ్రైవర్ దాని తయారీదారు సైట్లో దొరికింది. పాత స్కానర్‌కి దొరకలేదు. కాగితాలు ఫోన్‌తో స్కాన్ చేయడం ఆమెకి ఎలాగూ అలవాటే కాబట్టి దాన్ని వదులుకున్నాం.

ఇంకో సంగతి ఆలస్యంగా తట్టింది. ఆ ల్యాప్‌టాప్ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. ఈమధ్య చాలా ల్యాప్‌టాప్‌లు మనకు చెప్పకుండానే అలా ఉంటున్నాయి. ఎవరైనా దొంగిలించినా డేటా చదవలేరు, మంచిదే. కానీ అప్‌గ్రేడ్ సమయంలోనో, బయోస్ మార్చినప్పుడో ఒక్కోసారి అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే యజమాని కూడా లోపలికి పోలేడు. మామూలుగా ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. మాది అమ్మాయికి స్కూల్లో ఇచ్చిన మెయిల్‌తో తెరిచిన ఖాతా. ఆ మెయిల్ ఎప్పుడో మూతపడింది! అదృష్టవశాత్తూ కంప్యూటర్ తెరిచే ఉంది కాబట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో ఎన్‌క్రిప్షన్ సెట్టింగులకి వెళ్ళి రికవరీ కీ బ్యాకప్ తీసుకున్నాం. 48 అంకెలూ కాగితం మీద రాసి, ఇద్దరం ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూసి, ఇంటి దస్తావేజుల ఫైల్లో పెట్టాం. మీరు ఈ వ్యాసంలో ఇంకేదీ చేయకపోయినా ఈ ఒక్క పనీ చేయండి.

తర్వాత ఫైళ్ళన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాం. కాపీ అయిందని నమ్మి ఊరుకోలేదు. ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి, పది ఫైళ్ళు తెరిచి చూశాం. సాయంత్రం క్యాష్ టాలీ చేయకుండా వాల్ట్ మూయం కదా, ఇదీ అంతే.

శనివారం ఉదయం సి డ్రైవ్‌లో ముప్పై జీబీ ఖాళీ చేసి, ఛార్జర్ తగిలించి, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ నుంచే మొదలుపెట్టాం. అర్హత ఉన్న కంప్యూటర్‌కి, అసలు లైసెన్సు ఉంటే, ఇది ఉచితం. మధ్యాహ్నం భోజనాల వేళకి పూర్తయింది. ఫైళ్ళు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర ‘గో బ్యాక్’ నొక్కి పాతదానికి వెళ్ళవచ్చు. అందుకే ఆ పది రోజులూ పాత విండోస్ ఫైళ్ళని తుడిచేయకుండా ఉంచి, ఆమె పనులన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించుకుంది.

నాన్నగారి డెస్క్‌టాప్: ఒక ఏడాది వాయిదా

నాన్నగారిది 2017లో కొన్నది. ఏడో తరం ప్రాసెసర్. హెల్త్ చెక్ అర్హత లేదని చెప్పేసింది.

అర్హత లేకపోయినా అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించే చిట్కాలు వీడియోల్లో బోలెడు దొరుకుతాయి. ఎక్కుతుంది కూడా. కానీ అలాంటి యంత్రాలకి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. అప్‌డేట్ల కోసమే మారుతూ, అవి వస్తాయో రావో తెలియని దారిలో పోవడం నాకు అర్థం లేని పని అనిపించింది.

మిగిలినవి మూడు దారులు. ఒకటి కొత్త కంప్యూటర్ కొనడం. రెండు, లినక్స్ మింట్, ఉబుంటు లాంటి ఉచిత వ్యవస్థకి మారడం. ఇంటర్నెట్, ఉత్తరాలు, వీడియోలు మాత్రమే చూసేవాళ్ళకి పాత యంత్రం మీద ఇది చక్కగా నడుస్తుంది. మూడు, విండోస్ 10కే పొడిగింపు తీసుకోవడం.

ఈ మూడో దారి చాలామందికి తెలియదు. ఇంటి కంప్యూటర్లకి మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తోంది. దీన్ని ఈఎస్‌యూ అంటారు. కంప్యూటర్లో విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగులు ఆ ఖాతాలో బ్యాకప్ చేసుకోవడానికి ఒప్పుకుంటే ఉచితం. లేదా 1000 రివార్డ్ పాయింట్లు వాడుకోవచ్చు, లేదా 30 డాలర్లకి సమానమైన సొమ్ము ఒకేసారి కట్టవచ్చు. కొత్త హంగులు రావు, రక్షణ అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. గడువు ముగిసే దాకా ఎప్పుడైనా చేరవచ్చు, కానీ చేరేదాకా రక్షణ లేనట్టే.

నాన్నగారికి నేను మొదట కొత్త కంప్యూటర్ కొనిస్తానన్నాను. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, “నా రాతలు అందులో కనిపిస్తాయా?” అని అడిగారు.

ఆయన రిటైర్డ్ టీచరు. పన్నెండేళ్ళుగా మా ఊరి సంగతులు, మా వంశవృక్షం టైపు చేస్తున్నారు. మూడొందల పేజీల పైచిలుకు. అంతా యూనికోడ్ రాక ముందటి తరహా తెలుగు ఫాంట్‌లో. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థంపర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ సీడీ ఎక్కడుందో ఆయనకీ తెలియదు. అంటే ఆ రాతలు బతికున్నది ఆ ఒక్క యంత్రంలోనే.

అప్పుడు నాకు తెలిసొచ్చింది. ‘నడుస్తున్నదాన్ని కదిలించకు’ అని ఆయన అన్నది మొండితనంతో కాదు. పోగొట్టుకున్న మనిషి అనుభవంతో. ఆయన ప్రశ్నలో సగం సరైనదే. కదిలించకూడదు, ప్రతి తీయకుండా కదిలించకూడదు.

అందుకని ఆయన కంప్యూటర్‌ని ఈఎస్‌యూలో చేర్చాం. ఆ కాలాన్ని ఊరికే పోనివ్వకుండా మూడు పనులు పెట్టుకున్నాం. రాతలన్నిటినీ ముందు పీడీఎఫ్‌గా దాచడం, దాంతో ఫాంట్ లేకపోయినా ఎక్కడైనా చదవొచ్చు. తర్వాత మెల్లగా యూనికోడ్‌లోకి మార్చడం, ఒత్తులు తప్పుపోతే ఆయనే దిద్దుతారు. మూడోది, అన్నిటికీ మూడు ప్రతులు: ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి ఇంటికి దూరంగా, మా ఇంట్లో. పెన్షను ఖాతా, ఎఫ్‌డీలు చూసుకోవడం మాత్రం ఇకమీదట అప్‌డేట్లు వస్తున్న ఫోన్లోనే.

ఈ సందట్లో దొంగలు

సపోర్ట్ ముగిసిందన్న వార్త మోసగాళ్ళకీ అవకాశమే. ‘మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని తెర నిండా వచ్చే ప్రకటనలు, మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామనే ఫోన్లు నమ్మకండి. ఆ కంపెనీ మీకు తనంతట తాను ఫోన్ చేయదు. ఎవరో చెప్పారని రిమోట్ యాక్సెస్ యాప్ వేసుకోకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పి ఉంచండి. తక్కువ డబ్బుకి ‘ఫుల్ విండోస్’ వేసిస్తామనే చోట దొంగ ప్రతి ఎక్కించుకుంటే, తాళం దొంగ చేతే చేయించుకున్నట్టు.

చివరిగా

పండగ వెళ్ళిన వారానికి మళ్ళీ తెనాలి వెళ్ళాను. మొదటి నూట నలభై పేజీలు పీడీఎఫ్ అయ్యాయి. నేను తెచ్చిన డిస్క్‌లోకి కాపీ చేసి, ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాను. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, తన అక్షరాలు వేరే తెర మీద రెండు పేజీలు చదువుకున్నారు. మా తాతగారి పేరు దగ్గర వేలు పెట్టి, “దీర్ఘం పోయింది, దిద్దాలి” అన్నారు.

బయల్దేరేటప్పుడు గోడ మీది క్యాలెండరు చూశాను. అక్టోబరు పేజీ తీసి, 13వ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. పక్కనే ఆయన చేతిరాత: ‘కంప్యూటర్ గడువు. అన్నీ రెండు చోట్ల ఉన్నాయో లేదో చూడాలి.’

“అప్పటికి కొత్తది కొందాంలే” అన్నారు. “ఈసారి కాపీ తీశాకే.”